శీతాకాలానికి పూర్తి అదనపు బాధ్యతలు

మే నెల సగానికొచ్చింది. నాపరాళ్ళపాడులో కాకులు కూడా మధ్యాహ్నం పూట ఎగరడం మానేసి, సున్నపు బట్టీల వెనక నీడలో నోళ్ళు తెరుచుకుని కూర్చుంటున్నాయి. రోడ్డు మీది తారు చెప్పులకి అంటుకుంటోంది. ఆ ఊరి మున్సిపల్ ఆఫీసులో మాత్రం చలికాలం నడుస్తోంది.

నవ్వకండి. ఇది పిచ్చాపాటీ కబురు కాదు, ఉత్తర్వు ప్రకారం నడుస్తున్న చలికాలం. ఆఫీసులో ఫ్యాన్లన్నీ ఆపేశారు. కిటికీలు బిగించారు. కమిషనర్ గారి దగ్గర్నుంచి ట్యాంకరు డ్రైవరు దాకా అందరూ స్వెట్టర్లు తొడుక్కుని, చెవుల మీదకి మంకీ టోపీలు లాక్కుని, చెమట ఫైళ్ళ మీద పడకుండా ఒడుపుగా పక్కకి వంగి పనిచేసుకుంటున్నారు. హాలు మధ్యలో బల్ల మీద ఓ పెద్ద పంజరం ఉంది. పంజరం మీద బొంత, బొంత కింద ఏడు పిట్టలు. ఇంత చలీ ఆ పిట్టల కోసమే.

వాటి బాధ్యత సీనియర్ అసిస్టెంట్ శౌరయ్యది. యాభై దాటిన మనిషి. సర్వీసు మొత్తంలో ఆయన మీద ఒక్క ఆడిట్ అభ్యంతరం కూడా పడలేదు. రూలుంటే చాలు, అదెందుకుందని అడగడు. దేవుడు పది ఆజ్ఞలిస్తే, వాటికి జతపరచిన అనుబంధం ఏదీ అని వెతుక్కునే రకం. ఇంట్లో కూరలో ఉప్పు తగ్గితే "ఉప్పు తగు మోతాదులో లేదని గమనించడమైనది" అంటాడని భార్య లూర్దమ్మ అమ్మలక్కలకి చెప్పి పడీపడీ నవ్వుతుంది.

ఈ గోలంతా 'పుర కలరవం' అనే పథకంతో మొదలైంది. రాజధానిలో పెద్దాఫీసులో ఓ పెద్దాయన మంచు పడే దేశానికి అధ్యయన యాత్రకి వెళ్ళొచ్చాడు. అక్కడి పురపాలక కార్యాలయం హాల్లో ఫించ్ పిట్టలు కిచకిచమంటుంటే, పన్ను కట్టడానికొచ్చిన జనం నవ్వుతూ కట్టి, నవ్వుతూ పోతున్నారట. వాళ్ళ కుళాయిల్లో నీళ్ళొస్తాయి కాబట్టి నవ్వుతున్నారేమో అన్న అనుమానం ఆయనకి రాలేదు. తిరిగొచ్చీ రాగానే ఉత్తర్వు దించేశాడు.

'పౌరుల ఆగ్రహ స్థాయిని తగ్గించుటకై ప్రతి పురపాలక కార్యాలయమునందు ఏడు ఫించ్ పక్షులను పోషించవలెను. ఋతువుల వారీ ఆహార విధానము అనుబంధములో పొందుపరచడమైనది' అని అందులో ఉంది.

ఆ అనుబంధం ఆ మంచు దేశపు పుస్తకానికి మక్కీకి మక్కీ తెలుగు. చలికాలంలో పిట్టలకి వలిసెలు, నువ్వులు, ఉడకబెట్టిన గుడ్డు ముద్ద పెట్టాలి. పంజరం మీద బొంత కప్పాలి. స్నానం పనికిరాదు, కీరదోస పనికిరాదు, గాలి తగలకూడదు. ఎండాకాలంలో కొర్రలు, సామలు, తోటకూర, కీరదోస ముక్కలు పెట్టి, మునగడానికి పళ్ళెంలో నీళ్ళు పోసి, ఫ్యాను వెయ్యాలి. ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు. చివరి వాక్యమే కొంప ముంచింది. 'ఋతువు మార్పు ఋతు నిర్ణయ సంఘము వారి ఉత్తర్వు అందిన పిమ్మటనే జరుగవలెను. స్థానిక సిబ్బంది తమంతట తాము ఋతువును ఊహించరాదు.'

పిట్టలు నవంబరులో వచ్చాయి. పిచ్చుకలో సగం ఉంటాయేమో. బూడిద రంగు ఒళ్ళు, తాంబూలం వేసుకున్నట్టు ఎర్రటి ముక్కు, మగవాటికి బుగ్గల మీద నారింజ రంగు బొట్లు. రబ్బరు బొమ్మని నొక్కినట్టు పొద్దస్తమానం పీప్ పీప్‌మని ఒకటే కబుర్లు. మొదటి రోజు శౌరయ్య వాటిని కుర్చీలు, బీరువాలు లెక్కపెట్టినట్టే లెక్కపెట్టి సంతకం పెట్టాడు. వారం తిరిగేసరికి పొద్దున్నే అందరికంటే ముందొచ్చి బొంత తీసి, "ఏం, చలేసిందా రాత్రి?" అని అడగడం మొదలెట్టాడు. పేర్లు పెట్టే అధికారం తనకి దఖలు పడలేదు గనుక పెట్టలేదు. కాకపోతే ఓ ఆడపిట్ట ఆయన వేలి మీద వాలి, గోటి కొసన గుడ్డు ముద్ద పొడుచుకు తినేది. దాన్ని మనసులోనే చిట్టెమ్మ అని పిలుచుకునేవాడు.

చలికాలం హాయిగా గడిచింది. ఫిబ్రవరి వెళ్ళిపోయింది, మార్చి వచ్చింది. రాజధాని నుంచి ఉత్తర్వు మాత్రం రాలేదు. బొంత కింద పిట్టలు రెక్కలు ఒంటికి ఆనకుండా ఎడంగా పెట్టుకుని కూర్చోవడం చూసి అటెండరు మస్తానుకి కడుపు రగిలింది.

"సారూ, పిట్టలు ఉడికిపోతన్నయ్. ఆ బొంత లాగి అవతల పారెయ్యండి!"

"ఉత్తర్వు రాలేదు మస్తానూ."

"ఎండ వచ్చింది గద సారూ!"

"ఎండ వచ్చింది. ఎండాకాలం రాలేదు" అన్నాడు శౌరయ్య. అన్నాడే గాని, ఆ రోజు అన్నం సయించలేదు. మర్నాడు ధైర్యం చేసి రాజధానికి ఫోన్ చేశాడు.

"నమస్కారమండీ, నాపరాళ్ళపాడు నుంచి. మాకు చలికాలం తీసెయ్యాలండీ."

"తీసెయ్యడం కుదరదండీ" అంది అవతలి గొంతు, బాగా నిద్ర పట్టి లేచిన గొంతు. "ఎండాకాలం వచ్చి ఛార్జి తీసుకుంటే గాని చలికాలాన్ని రిలీవ్ చెయ్యలేం. సీటు ఖాళీగా వదిలి వెళ్ళమంటారా దాన్ని?"

"ఎండాకాలం వచ్చేసిందండీ. ఇక్కడ రాళ్ళు పగులుతున్నాయి."

"వచ్చిందని మీరంటున్నారు. జాయినింగ్ రిపోర్టు ఇచ్చిందా?"

శౌరయ్య ఆలోచనలో పడ్డాడు. ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో ఎంతోమంది ఛార్జి అప్పగించడాలూ పుచ్చుకోవడాలూ దగ్గరుండి జరిపించాడు. వచ్చినవాడు చేరానని కాగితం ఇవ్వందే పాతవాడు కుర్చీలోంచి లేవకూడదు. అది ధర్మమే. "మరి ఆ రిపోర్టు ఎవరు తీసుకోవాలండీ?" అని వినయంగా అడిగాడు.

"ఋతు నిర్ణయ సంఘం కార్యదర్శి తీసుకోవాలి. ఆయనకి బదిలీ అయింది. కొత్తాయన వస్తే సంఘం కూర్చుంటుంది. కూర్చున్నాక ఎండని పరిశీలిస్తుంది. మీరు తొందరపడి ఋతువుని ఊహించకండి."

ఏప్రిల్లో ఆ ఫోనుకి జవాబుగా రాజధాని నుంచి ఓ ఉత్తర్వు దిగింది. కమిషనర్ సర్వోత్తమరావు గారు సిబ్బందినంతా హాల్లో నిలబెట్టి, గొంతు సవరించుకుని స్వయంగా చదివారు. 'పరిపాలనా సౌలభ్యము దృష్ట్యా, ఎండాకాలము విధులలో చేరునంతవరకు, సదరు పోస్టు యొక్క పూర్తి అదనపు బాధ్యతలను శీతాకాలమే తన విధులతోపాటు నిర్వహించవలెను. ఇందుకుగాను శీతాకాలమునకు ఎట్టి అదనపు భత్యము చెల్లింపబడదు.'

"పాపం" అన్నాడు మస్తాను.

సర్వోత్తమరావు గారు చెడ్డవారు కాదు. ఉత్తర్వుని అక్షరాలా పాటిస్తే పై నుంచి మాట రాదని నమ్మిన సాత్వికుడు. "మిత్రులారా, ఈ ఆవరణలో చలికాలం అమల్లో ఉంది. చలికాలంలో ఫ్యాను తిరిగితే ఏమవుతుంది? మనమే ఉత్తర్వుని శంకించినట్టు రికార్డవుతుంది. చొక్కాలతో తిరిగినా అంతే. రేపట్నుంచి ప్రతి ఒక్కరూ ఉన్ని దుస్తుల్లో హాజరు కావాలి" అన్నారు.

"మరి చెమటో సార్?" అన్నాడు మస్తాను.

"చెమట మీ వ్యక్తిగతం. దాన్ని బహిరంగంగా తుడుచుకోవడం మాత్రం ప్రభుత్వ వ్యతిరేకతగా పరిగణించబడుతుంది."

చెప్పొద్దూ, జనం దేనికైనా అలవాటు పడిపోతారు. వారం తిరక్కుండానే ఆఫీసులో చలి మీద మంచి పట్టు దొరికింది. ఎస్టాబ్లిష్‌మెంటు గుమాస్తా అరచేతులు రుద్దుకుంటూ "ఈ ఏడు కాస్త ఎక్కువే" అనేవాడు. టైపిస్టుకి నిజంగానే జలుబు చేసింది. పెరట్లో పారిశుద్ధ్య సిబ్బంది కోసం ఉదయం పూట చలిమంట వేయించారు. పక్కనే ముందుజాగ్రత్తగా ఫైరింజన్ నిలబెట్టారు. మంట చుట్టూ కూర్చున్నవాళ్ళు మంట వైపు వీపు పెట్టి, వీలైనంత దూరంగా, వెనకింటి గోడకి ఆనుకుని చలి కాగేవారు.

ఆ రోజుల్లోనే సున్నపు బట్టీల వీధి నుంచి రత్తమ్మ రెండు ఖాళీ బిందెలు చంకన పెట్టుకుని వచ్చింది. గేటు దగ్గర మస్తాను ఓ మంకీ టోపీ అందించాడు.

"ఎండకి మాడు పగిలి చస్తంటే టోపీ పెట్టుకోమంటావేందిరా మస్తానూ! మీ ఆఫీసుకి గాని పిచ్చి పట్టిందా?"

"పిచ్చి కాదక్కా, ఉత్తర్వొచ్చింది. పెట్టుకో, పుణ్యముంటది."

రత్తమ్మ టోపీ పెట్టుకుని లోపలికి పోయి కమిషనర్ గారి బల్ల మీద బిందెలు ధనామని పెట్టింది. "మా వీధిలో చుక్క నీళ్ళు లేవయ్యా. ట్యాంకరు పంపిచ్చండి."

"తల్లీ, అవి వేసవి ట్యాంకర్లు" అన్నారు సర్వోత్తమరావు గారు, టోపీలోంచి కనిపిస్తున్న కాస్త మొహంతో జాలిగా చూస్తూ. "వేసవిలోనే కదలాలి. వేసవి ఇంకా చేరలేదు. శీతాకాలంలో నీటి వినియోగం సహజంగానే స్వల్పం. స్నానం కొద్దిరోజులు వాయిదా వేసుకోవచ్చు."

రత్తమ్మ ఆయన్నీ, ఆగిపోయిన ఫ్యాన్నీ, మూల కూర్చుని తుమ్ముతున్న టైపిస్టునీ చూసింది. ఆగ్రహ స్థాయి తగ్గించాల్సిన పిట్టలు బొంత కిందనుంచి కిక్కురుమనలేదు. "మీకు మా ఊరి ఎండ దెబ్బ తగల్లా, బుర్రే దెబ్బ తినింది" అని బిందెలు తీసుకుని వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ టోపీ విసిరి కొట్టింది.

శౌరయ్యకి ఆ మాట ములుకులా గుచ్చుకుంది. ఆయన అసలు బాధ ఇంకోటి. చిట్టెమ్మ గుడ్లు పెట్టింది. పంజరం మూలనున్న చిన్న మట్టిబుర్రలో, కొబ్బరిపీచు మధ్య, చింతగింజ కంటే కాస్త పెద్దవి, తెల్లటి గుడ్లు. వాటి మీద అది నోరు తెరుచుకుని రొప్పుతూ పొదుగుతోంది. మిగతా ఆరూ నేల మీదకి దిగి, రెక్కలు వేలాడేసి, కళ్ళు మూసి తెరుస్తున్నాయి. పొద్దున పెట్టిన గుడ్డు ముద్ద పది గంటలకే పులిసి కంపు కొడుతోంది. అనుబంధం ప్రకారం వాటికి ఇవ్వవలసిన నూనె గింజలన్నీ ఇచ్చాడు. ఒక్కటీ ముట్టలేదు. బొంత అంచు పైకెత్తి చూసేసరికి శౌరయ్యకి దుఃఖం పొంగుకొచ్చింది.

ఓ ఫైలు తయారు చేసి, కమిషనర్ గారి ముందు పెట్టాడు. సర్వోత్తమరావు గారు చదివారు.

"కీరదోసకాయా?"

"సగమే సార్. ఏడింటికీ కలిపి సగం ముక్క. దయచేసి మంజూరు చెయ్యండి. లేకపోతే అవి బతకవు సార్."

"శౌరయ్యా, నీవంటి అనుభవజ్ఞుడు ఇలా రాయడమేమిటి? కీరదోస ఎండాకాలపు పద్దు. సగం కీరదోస ఇస్తే సగం ఎండాకాలం వచ్చినట్టు అంగీకరించినట్టవుతుంది. సగం ఋతువుకి నిబంధనల్లో చోటెక్కడుంది?"

"పిట్టలు చచ్చిపోతాయి సార్!"

"చలికాలంలో వడదెబ్బకి ఎలా చచ్చిపోతాయయ్యా? సాంకేతికంగా అసాధ్యం" అని ఫైలు తిప్పి పంపారు.

శౌరయ్య హాల్లోకి వచ్చేసరికి ఓ మగపిట్ట పంజరం అడుగున వెల్లకిలా పడి ఉంది. మస్తాను బొంత పైకి విసిరికొట్టి, దాన్ని అరచేతిలోకి తీసుకుని, గ్లాసులో నీళ్ళు చిలకరిస్తున్నాడు. శౌరయ్యని చూసి ఉలిక్కిపడ్డాడు. చలికాలంలో పిట్టలకి స్నానం నిషిద్ధం కదా.

"నీళ్ళు కాదు సారూ, నా చెమటే పడింది. అట్టాగే రాసుకోండి."

పిట్ట రెండుసార్లు రెక్కలు కొట్టుకుని, లేచి కూర్చుంది. శౌరయ్య దాని వంక చూశాడు, గోడ మీది ఉత్తర్వు వంక చూశాడు. జీవితంలో మొట్టమొదటిసారి ఆయనకి రూలు మీద ఒళ్ళు మండింది. "ఉద్యోగం పోతే పోయింది గాని, ఈ పాపం నేను మొయ్యలేను. మస్తానూ, మామిడిపళ్ళ అట్టపెట్టె ఒకటి పట్రా" అన్నాడు.

"అదీ మాట!" అన్నాడు మస్తాను, అప్పటికే పరిగెడుతూ.

భోజనాల వేళ. అందరూ ఆఫీసు వెనక చింతచెట్టు కింద దొంగతనంగా స్వెట్టర్లు విప్పుకుని అన్నాలు తింటున్నారు. అట్టపెట్టెకి పెన్నుతో చిల్లులు పొడిచి, ఆరు పిట్టల్ని అందులోకి దింపారు. చిట్టెమ్మ బుర్రలోంచి కదల్లేదు. బుర్రతో సహా శౌరయ్య ఒళ్ళో పెట్టుకున్నాడు. మస్తాను స్కూటరు నడిపాడు. చర్చి సందులో ఇంటి ముందు దిగేసరికి లూర్దమ్మ గుమ్మంలోకొచ్చి, మంకీ టోపీలో ఒళ్ళంతా తడిసి, చేతిలో మట్టిబుర్ర పట్టుకుని నిలబడ్డ మొగుణ్ణి చూసింది.

"ఏసు మరియ జోజప్పా! ఆఫీసు పిట్టల్ని ఎత్తుకొచ్చావా?"

"ఎత్తుకొచ్చానే" అన్నాడు శౌరయ్య.

"ఎత్తుకొచ్చినోడివి ఎండలో నిలబడ్డావేం? లోపలికి తీసకరా, ఫ్యానెయ్యి. మస్తానూ, ఆ పళ్ళెంలో నీళ్ళు పొయ్యయ్యా. నేను కీరదోసకాయ కోసుకొస్తా."

పాత కోళ్ళ గంపని తలుపు వలతో కప్పి పంజరం చేశారు. పళ్ళెంలో నీళ్ళు చూడగానే పిట్టలు ఒకదాని మీద ఒకటి పడి మునిగాయి. నీళ్ళు చిమ్మి గోడ మీది పటాన్ని కూడా తడిపేశాయి. కీరదోస ముక్కని గింజలతో సహా పొడిచి పొడిచి తొక్క మిగిల్చాయి. సాయంత్రానికి పీప్ పీప్ మొదలైంది. లూర్దమ్మ పక్కనే కూర్చుని సామలు చల్లుతుంటే, శౌరయ్య స్వెట్టరు విప్పడం కూడా మర్చిపోయి చూస్తూ ఉండిపోయాడు.

మర్నాటి నుంచి ఆయన బతుకు అడకత్తెరలో పోకచెక్క అయింది. పొద్దున్నే ఆఫీసుకి పోయి, ఖాళీ పంజరంలో వలిసెలు పోసి, గుడ్డు ముద్ద పెట్టి, బొంత సరిచేసి, పక్కన నిలబడి చెమటలు కక్కేవాడు. సర్వోత్తమరావు గారు అటుగా వచ్చి చెవి పెట్టి వినేవారు.

"చూశావా, ఎంత నిశ్శబ్దం! వాటికి ఏ లోటు ఉన్నా అరిచేవి. మనమే అనవసరంగా కంగారు పడ్డాం" అని మెచ్చుకునేవారు.

ఇంతలో పిడుగులాంటి వార్త వచ్చింది. పథకం అమలు తీరు పరిశీలించడానికి ప్రాంతీయ సంచాలకులు అనంతశయనం గారు స్వయంగా విచ్చేస్తున్నారు.

ఏసీ కారులోంచి దిగిన అనంతశయనం గారు సూటు, మఫ్లరు వేసుకుని ఉన్నారు. రాష్ట్రం మొత్తంలో ఆ వేళ నిజంగా చలేస్తున్న మనిషి ఆయనొక్కరే. హాల్లోకి రాగానే ఆ చలి కాస్తా వదిలింది. మఫ్లరులో వేలు పెట్టి ఓసారి లాక్కుని, "వాతావరణం అనుబంధానికి పూర్తి అనుగుణంగా ఉంది. సంతోషం. ఏదీ, పక్షుల్ని దర్శింపజేయండి" అన్నారు.

సర్వోత్తమరావు గారు పెళ్ళికూతురి మేలిముసుగు తీసినంత మురిపెంగా బొంత తొలగించారు.

పంజరంలో గుడ్డు ముద్ద మీద రెండు ఈగలు వాలి ఉన్నాయి. అంతకు మించి ప్రాణి లేదు.

సర్వోత్తమరావు గారి మొహంలో నెత్తుటి చుక్క లేదు. "శౌరయ్యా... పక్షులేవయ్యా?"

"పిల్లి తినిందని చెప్పండి సారూ" అని వెనకనుంచి మస్తాను గొణిగాడు.

చెప్పొచ్చు. కానీ ముప్ఫయ్యేళ్ళుగా ఏ కాగితం మీదా అబద్ధం రాయని మనిషికి నోటితో ఎలా వస్తుంది? పింఛను, పరువు, ఆడిట్ మచ్చలేని సర్వీసు, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. వాటితోపాటే మట్టిబుర్రలో రొప్పుతున్న చిట్టెమ్మ కూడా కనిపించింది. ఇంక ఆగలేదు.

"మా ఇంట్లో ఉన్నాయండీ. ఫ్యాను కింద కూర్చుని కీరదోసకాయ తింటున్నాయి. నేనే తీసుకెళ్ళాను. ఇక్కడుంటే చచ్చిపోయేవండీ. ఏ శిక్ష వేసినా వేసుకోండి, వాటిని మాత్రం మళ్ళీ ఈ బొంత కిందకి తీసుకురాను!"

అనంతశయనం గారు మఫ్లరు ఇంకోసారి లాక్కున్నారు. ఆయన ఆలోచిస్తున్నది పిట్టల గురించి కాదు. ప్రభుత్వ పక్షులు మాయమయ్యాయని తను రాస్తే, ఎవరి పర్యవేక్షణలో మాయమయ్యాయని పైవాళ్ళు అడుగుతారు. అప్పుడు వేలు ఎటు తిరుగుతుందో ఆయనకి తెలుసు. మెల్లిగా అనుబంధం చేతిలోకి తీసుకుని, ముందు నుంచి వెనక్కి తిరగేశారు. ఓ చోట వేలు ఆగింది.

"మీ ఇంట్లో ఏ ఋతువు నడుస్తోంది?" అని అడిగారు.

"మా ఇంట్లోనా? ఎండాకాలమేనండీ. మేం ఉత్తర్వు కోసం ఆగలేదు."

"అంటే ఈ పక్షులు శీతాకాలం అమల్లో ఉన్న ప్రాంతాన్ని వదిలి, వేసవి ఉన్న ప్రాంతానికి తరలివెళ్ళాయి. అంతేనా?"

"అంతేనండీ" అన్నాడు శౌరయ్య అయోమయంగా.

"సర్వోత్తమరావు గారూ!" అనంతశయనం గారి గొంతు ఖంగుమంది. "'శీతాకాలమునందు పక్షులు వెచ్చని ప్రాంతములకు వలస పోవుట సహజము.' పన్నెండో పేరా! మీరింత కట్టుదిట్టంగా చలికాలం నిర్వహించబట్టే, పంజరంలో పుట్టి పెరిగిన పక్షులు సైతం వలస బాట పట్టాయి! రాష్ట్రంలో ఇదే ప్రథమం! వలస ఏ మార్గాన జరిగింది?"

"స్కూటరు మీదండీ."

"ఉపరితల మార్గం అని రాసుకోండి."

ఎవరో చప్పట్లు కొట్టారు. దాంతో అందరూ కొట్టారు. సర్వోత్తమరావు గారికి పోయిన నెత్తురు మొహంలోకి తిరిగొచ్చి, ఉండవలసినదానికన్నా కాస్త ఎక్కువే చేరింది. అనంతశయనం గారు ఉత్తర్వు అక్కడికక్కడే టైపు చేయించి సంతకం పెట్టారు. చర్చి సందులోని శౌరయ్య గృహాన్ని 'వేసవి అమల్లో ఉన్న ప్రాంతము'గా గుర్తించారు. పక్షులు తిరిగి వచ్చేవరకు అక్కడ ఎండాకాలపు అనుబంధమే వర్తిస్తుంది. ఆ రాత్రికి రాష్ట్రంలోని పురపాలక సంఘాలన్నిటికీ లక్ష్యం వెళ్ళిపోయింది: 'నెలాఖరులోగా నూరు శాతం వలస పూర్తి కావలెను.' ఊరూరా గుమాస్తాలు కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ అట్టపెట్టెలకి చిల్లులు పొడిచారు. ఎక్కడి పిట్టలు అక్కడి ఇళ్ళ ఫ్యాన్ల కిందకి చేరి, నీళ్ళ పళ్ళేల్లో మునిగి తేలాయి. ఒక్క సంఘం మాత్రం లక్ష్యాన్ని మించి నూట పది శాతం సాధించామని రాసింది. మిగిలిన పది శాతం ఎక్కడి పిట్టలో ఎవరూ అడగలేదు.

ఉత్తర్వు సంగతి మస్తాను నోట రత్తమ్మ చెవిన పడింది. మర్నాడే వీధి ఆడవాళ్ళందర్నీ బిందెలతో వెంటబెట్టుకుని ఆఫీసుకొచ్చి, గేటు దగ్గర తనంతట తనే టోపీ పెట్టుకుని లోపలికి పోయింది.

"ఏవయ్యా, ఎండాకాలం ఇంకా రాలేదన్నారు. శౌరయ్య గారింటికి వచ్చిందంట గదా! పెద్దాయనే సంతకం పెట్టాడంట గదా! ఎండాకాలం ఎక్కడుంటే ట్యాంకరు అక్కడికి రావాల్నా, వద్దా?"

సర్వోత్తమరావు గారు ఉత్తర్వు ముందుకీ వెనక్కీ చదివారు. ఎంత వెతికినా తప్పించుకునే సందు దొరకలేదు. ఆ సాయంత్రం వేసవి ట్యాంకరు గొంతు చించుకుని హారన్ కొట్టుకుంటూ చర్చి సందులోకి వచ్చింది. లూర్దమ్మ చీర కుచ్చిళ్ళు ఎగదోపి వరస పెట్టించింది. బిందెల చప్పుడుకి పిట్టలు గోలగోలగా అరిచాయి. ఆ అరుపుల్లో కొత్త గొంతు ఏదో సన్నగా వినిపిస్తే శౌరయ్య పరిగెత్తుకెళ్ళి బుర్రలోకి తొంగిచూశాడు. చిట్టెమ్మ రెక్క కింద నలుసంత పిల్లలు నోళ్ళు తెరిచి కదులుతున్నాయి. ఆయన ట్యాంకరు దగ్గరికి తిరిగొచ్చి, ఏ సంబంధమూ లేకుండా ఎదురొచ్చిన రత్తమ్మకి చేతులు జోడించాడు.

ఆదివారం చర్చిలో పూజ ముగిసి ఇంటికొచ్చి కూర్చున్నాక, మిట్టమధ్యాహ్నం తలుపు చప్పుడైంది. గుమ్మంలో సర్వోత్తమరావు గారు నిలబడి ఉన్నారు. ఒంటి మీద స్వెట్టరు, నెత్తిన టోపీ, మొహం ఉడకబెట్టిన బీట్‌రూటు.

"క్షేత్ర పరిశీలన. వలస పక్షుల స్థితిగతులు..." అని, మాట పూర్తిచేయలేక ఫ్యాను వంక చూశారు.

"రండి సార్, కూర్చోండి" అన్నాడు శౌరయ్య. లూర్దమ్మ చల్లటి మజ్జిగ గ్లాసు తెచ్చిచ్చింది. సర్వోత్తమరావు గారు ముందు టోపీ తీశారు. తర్వాత అటూ ఇటూ చూసి స్వెట్టరు తీశారు. చొక్కా పై బొత్తాలు రెండు విప్పి, ఫ్యాను కింద కాళ్ళు చాపి, కళ్ళు మూసుకున్నారు. పిట్టలు పళ్ళెంలో నీళ్ళు చిమ్ముతుంటే ఒకట్రెండు చుక్కలు ఆయన మొహం మీద పడ్డాయి. తుడుచుకోలేదు.

"అబ్బ! ప్రాణం లేచొచ్చిందయ్యా. ఆ గంపలో వాటికి ఎంత సుఖంగా ఉందో ఇప్పుడు తెలిసింది" అన్నారు కళ్ళు తెరవకుండానే. కీరదోస ముక్క ఒకటి చేతికిస్తే తిన్నారు, ఇంకోటి అడిగి తిన్నారు. చిట్టెమ్మ పిల్లల్ని చూపిస్తే చిన్నపిల్లాడిలా నవ్వారు. ఇన్నాళ్ళలో ఆయన నవ్వడం శౌరయ్య చూడటం అదే మొదటిసారి. మంచి సమయం చూసుకుని నోరు విప్పాడు.

"సార్, ఇంత హాయిగా ఉంది కదా. రేపట్నుంచి ఆఫీసులో కూడా ఫ్యాన్లు వేసుకుంటే..."

సర్వోత్తమరావు గారు కళ్ళు తెరిచారు. గ్లాసులో మిగిలిన మజ్జిగ చివరి చుక్క దాకా తాగారు. లేచి స్వెట్టరు తొడుక్కున్నారు, బొత్తాలన్నీ పెట్టుకున్నారు. టోపీ చెవుల దాకా దించుకుని, గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగారు.

"శౌరయ్యా, రేపు ఆఫీసుకి స్వెట్టరు లేకుండా వచ్చావంటే మెమో ఇస్తా" అని, నడినెత్తిన మండుతున్న ఎండలోకి వణుక్కుంటూ వెళ్ళిపోయారు.